మలపరీక్ష మాటను ఎంతవరకు నమ్మవచ్చును?

గత సంవత్సరము వేసవి సెలవులకు ముందు మా సహోపాధ్యాయులలో నొకరు ఒక యుత్తరమును చేతబట్టుకొని ఉపాధ్యాయుల గదిలోనికి వచ్చిరి. ఇంగ్లండు దేశమున కుమారుని యింటనున్న వారి అక్కగారు దానిని వ్రాసిరి. ఆ దేశమందు 50 ఏండ్లు మొదలుకొని 74 ఏండ్ల వరకు వయస్సు గలవారికి రెండేండ్లకొకసారి తపాలా ద్వారా ఒక చిన్న సీసా వచ్చును. దాని మూతకు ఒక పుల్ల యుండును. ఆ పుల్లతో రవంత మలమును తీసి, సీసాలో నుంచి, తిరిగి తపాలాలో వేసినచో, పెద్దప్రేగునందు క్యాన్సరు జాడ యున్నదేమో పరీక్షించి జవాబు పంపుదురు. అక్కగారు అట్లే పంపిరి. ఇక పరీక్షలు అక్కరలేదని జవాబు వచ్చెను. ఏడాది గడచిన పిమ్మట మలములో రక్తము కనబడెను. "పరీక్షలో లేదనిరి గదా! ఇది మూలశంకయై యుండును" అని తలచి మూడు నెలలు ఎవరితోను చెప్పక యూరకుండిరి. తుదకు కోడలు గమనించి వైద్యుని యొద్దకు తీసికొనిపోగా అది క్యాన్సరేయని తేలెను. శస్త్రచికిత్స జరిగినది. ఇంకను మందులు పుచ్చుకొనుచున్నారు.

ఉత్తరము చివర ఇట్లున్నది: "తమ్ముడా, ఆనాడు లేదనిరి. ఈనాడు ఉన్నదనిరి. పరీక్ష అబద్ధమాడినదా? లేక నేనే తెలివిమాలినదాననా? నీవు పిల్లలకు లెక్కలు చెప్పువాడవు గదా, నాకు తెలియజెప్పుము."

ఆ ప్రశ్నకు వారు వెంటనే జవాబు చెప్పలేకపోయిరి. మేమును చెప్పలేకపోతిమి. పిమ్మట ఈ పరీక్షలను గూర్చి ప్రచురింపబడిన పరిశోధనలను చదివి, పై తరగతి విద్యార్థులతో కూర్చుండి లెక్కలు వేసి చూచితిమి. ఆ పాఠమునే ఇక్కడ వ్రాయుచున్నాము. పాఠశాల పత్రికలో మలమును గూర్చి వ్రాయుట యేమని కొందరు ముక్కు మూసికొందురేమో! శరీరమునందు సిగ్గుపడవలసిన అవయవము లేదు. సిగ్గుచేత దాచిన రోగము మాత్రము ప్రాణాపాయము తెచ్చును.

1. వ్యాధి యెట్లు పెరుగును?

మన పెద్దలు రాచపుండని పిలిచిన క్యాన్సరు పెద్దప్రేగునందు ఒక్కనాడు పుట్టునది కాదు. సాధారణముగా ప్రేగు లోపలి పొరపై మొదట చిన్న బుడిపె లేచును. దానిని వైద్యులు పాలిపు అందురు. పాలిపులలో అనేకములు ఏ హానియు చేయక యుండిపోవును. కొన్ని మాత్రము పెరిగి, తమ స్వభావమును మార్చుకొని, తరచుగా పది సంవత్సరములో అంతకంటె నెక్కువయో గడచిన మీదట క్యాన్సరుగా మారును. ఈ దీర్ఘకాలమే మనకు దొరికిన అవకాశము. పాలిపుగా నున్నప్పుడే తీసివేసినచో అది క్యాన్సరు కాకుండును. క్యాన్సరైనను తొలిదశలో దొరకినచో రోగి బ్రదుకుటకు ఆశ మెండు.

పెరుగుచున్న పాలిపులును పుండ్లును అప్పుడప్పుడు కొంచెము రక్తమును స్రవించును. అది కంటికి కనబడనంత స్వల్పము. ఇది ఎల్లప్పుడును కారునది కాదు. ఒకనాడు కారి మరునాడు ఆగవచ్చును. ఈ మాటను విద్యార్థులు మనస్సున నుంచుకొనవలెను. ముందు చెప్పబోవు పొరపాట్లలో అనేకములకు ఇదియే మూలము.

2. పరీక్ష పుట్టిన విధము

వెస్టిండీసు దీవులయందును చుట్టుపట్ల దేశములయందును గ్వాయకమను చెట్టు కలదు. దాని బంకతో తడిపిన కాగితముపై రక్తము నుంచి, హైడ్రోజను పెరాక్సైడు వేసినచో కాగితము నీలమగును. రక్తమునకు ఎరుపునిచ్చు హీమోగ్లోబినులోని ఇనుము గల భాగము ఈ మార్పును కలిగించును. 19వ శతాబ్దముననే ఈ సంగతి తెలిసినది. బెర్లిను నగరపు వైద్యుడగు ఇస్మార్ బోయాస్ 1901వ సంవత్సరమున మలములో కంటికి కనబడని రక్తమును గుప్తరక్తమని పేర్కొని, దానిని వెదకవలసిన అవసరమును చూపెను. 1967లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రమునకు చెందిన డేవిడ్ గ్రీగర్ అను వైద్యుడు, ఏ బాధయు లేనివారు సహితము ఇంటియొద్దనే మలమును గ్వాయకపు అట్టలపై పూసి పంపవచ్చునని చూపెను.

అయితే గ్వాయకమునకు వివేకము లేదు. మనుష్య రక్తమునకు నీలమైనట్లే, తిన్న మాంసములోని రక్తమునకును, పచ్చి ముల్లంగివంటి కొన్ని కూరగాయలలోని పదార్థములకును నీలము కావచ్చును. సి విటమిను మిక్కిలిగా పుచ్చుకొన్నచో, రక్తమున్నను నీలము కాకపోవచ్చును. అందుచేత తరువాత మరియొక పరీక్ష వచ్చెను. దీనియందు మనుష్యుని హీమోగ్లోబినును మాత్రమే పట్టుకొను ప్రతిరక్షకములను ఉపయోగింతురు. దీనిని ఫిట్ పరీక్ష యందురు. దీనికి ఆహార నియమము అక్కరలేదు. జపాను 1992 నుండి ఇట్టి పరీక్షను దేశమంతట వాడుచున్నది. ఇంగ్లండు 2019లో గ్వాయకమును విడిచి దీనిని చేపట్టినది. అక్కగారికి వచ్చినది ఈ సీసాయే.

3. ఈ పరీక్షలు ప్రాణములను నిలిపినవా?

పరీక్ష క్రొత్తదియో పాతదియో యనుటకంటె, దానివలన మరణములు తగ్గినవా యన్నది ముఖ్యప్రశ్న. దీనిని అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రమున 1975 మొదలుకొని పరిశోధించిరి. 50 మొదలు 80 ఏండ్ల వయస్సు గల 46,551 మందిని చీట్లు వేసినట్లుగా మూడు గుంపులుగా విభజించిరి. ఒక గుంపునకు ఏటేట గ్వాయక పరీక్ష, రెండవ గుంపునకు రెండేండ్లకొకసారి పరీక్ష, మూడవ గుంపునకు పరీక్ష లేదు. 1993లో ఫలితము వెలువడెను. 13 సంవత్సరములలో ఈ వ్యాధిచేత మరణించినవారు వేయింటికి, పరీక్ష లేని గుంపున 8.83, ఏటేట పరీక్ష గల గుంపున 5.88. అనగా మూడింట నొక వంతు తగ్గినది. రెండేండ్ల గుంపున 8.33 మాత్రమే. 30 ఏండ్ల పిమ్మట మరల లెక్కింపగా ఏటేట గుంపున నూటికి 32, రెండేండ్ల గుంపున నూటికి 22 చొప్పున ఈ వ్యాధి మరణములు తగ్గియుండెను. అన్ని కారణములచేతను కలిగిన మొత్తము మరణములలో తేడా కానరాలేదు. మనుష్యులు మరణించు కారణములు అనేకములు గనుక, వానిలో నొకటి తగ్గినంతమాత్రమున మొత్తము మారదు. ఇంగ్లండులోని నాటింగ్‌హాం ప్రాంతమున ఒకటిన్నర లక్షకు పైబడిన జనులపై జరిగి 1996లో వెలువడిన పరిశోధనయందును నూటికి 15 చొప్పున ఈ మరణములు తగ్గినవి.

కాబట్టి పరీక్ష వ్యర్థము కాదు. కాని మేలు పొందినది జనసమూహము. ఒక్క మనుష్యుని చేతికి వచ్చిన ఒక్క కాగితమును ఎంతవరకు నమ్మవచ్చునన్నది వేరు ప్రశ్న.

4. లెక్కకు దిగుదము

2014లో ప్రచురింపబడిన అమెరికా, కెనడా దేశముల పరిశోధన యొకటి ఈ పాఠమునకు మిక్కిలి తగినది. అందు ఏ లక్షణములును లేని 9,989 మందికి ఫిట్ పరీక్షయు, మలములోని రక్తముతోపాటు మారిన డి.ఎన్.ఏ. ను గూడ వెదకు మరియొక క్రొత్త పరీక్షయు చేసిరి. తరువాత అందరికిని కొలనోస్కోపీ చేసిరి. అనగా దీపమును కెమెరాయు గల మెత్తని గొట్టమును ప్రేగులోనికి పంపి కన్నులార చూచిరి. ఈ విధముగా నిజమేమో తెలిసికొని, మలపరీక్షల మాటను దానితో సరిచూచిరి.

నిజముగా క్యాన్సరు గలవారు 65 మంది. ముదిరిన పాలిపులు మొదలగు ప్రమాదకరమైన బుడిపెలు గలవారు 757 మంది. తక్కిన 9,167 మందికి అట్టివేవియు లేవు.

ఫిట్ పరీక్ష 65 మందిలో 48 మందిని పట్టుకొని, 17 మందిని విడిచెను. 757 మందిలో 180 మందిని మాత్రమే పట్టుకొనెను. ఏ ప్రమాదమును లేని 472 మందిని అనవసరముగా ఉన్నదని భయపెట్టెను.

డి.ఎన్.ఏ. పరీక్ష 65 మందిలో 60 మందిని, 757 మందిలో 321 మందిని పట్టుకొనెను. అయితే అనవసరముగా భయపెట్టబడినవారు 1,231 మంది.

మా విద్యార్థులు ఈ అంకెలను నల్లబల్లపై వేసి చూచినప్పుడు రెండు సంగతులు బయటపడెను. ఫిట్ పరీక్షలో ఉన్నదను జవాబు వచ్చినవారు 48, 180, 472 కలిపి 700 మంది. వారిలో క్యాన్సరు గలవారు 48 మందియే. అనగా సుమారు పదునైదుగురిలో ఒకరు. ఉన్నదని వచ్చినంతనే మరణశాసనము వచ్చినట్లు ఏడ్వనక్కరలేదు. అయినను క్యాన్సరును ప్రమాదకరమైన బుడిపెలును కలిసి 228 మందికి, అనగా మూడింట నొకవంతునకు, తీసివేయదగిన దేదో యుండెను. కాబట్టి కాగితమును చించి పారవేయుటకును వీలులేదు.

రెండవది. లేదను జవాబు వచ్చినవారు 9,289 మంది. వారిలో క్యాన్సరు గలవారు 17 మంది, అనగా సుమారు 546 మందిలో ఒకరు. ఇది గొప్ప ఓదార్పే. కాని ఆ 17 మంది చేతులలోను అదే కాగితమున్నది. వారితోపాటు 577 మంది ముదిరిన బుడిపెలు గలవారి చేతులలోను అదే కాగితమున్నది.

5. గీత ఎక్కడ గీయవలెను?

మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నున్నప్పుడు పరీక్షలను గూర్చి నేర్చుకొన్న మొదటి పాఠము, మార్కులు వేరు, విద్య వేరు అనునది. 35 మార్కుల యొద్ద గీత గీసితిమా, 34 వచ్చిన తెలివిగల బాలుడు తప్పును, 36 వచ్చిన అదృష్టవంతుడు ప్యాసగును. గీతను దించినచో తెలియనివారు గట్టెక్కుదురు. పెంచినచో తెలిసినవారు మునుగుదురు. ఎవరికిని అన్యాయము జరుగని గీత లేదు.

ఫిట్ పరీక్షయందును ఇట్టి గీత కలదు. ఒక గ్రాము మలములో ఇన్ని మైక్రోగ్రాముల హీమోగ్లోబిను దాటిననే ఉన్నదని చెప్పుదురు. పైన చెప్పిన అమెరికా పరిశోధనలో ఆ గీత 20. ఇంగ్లండులో 2019న ప్రవేశపెట్టినప్పుడు 120. స్కాట్లండులో 2017న 80. నెదర్లాండ్సు దేశము 2014లో 15తో ఆరంభించెను. అనుకొన్నదానికంటె ఎక్కువమందికి ఉన్నదని రాగా, వారందరికిని కొలనోస్కోపీ చేయుటకు వసతి చాలక, ఆ సంవత్సరముననే గీతను 47కు పెంచెను. కాబట్టి ఒక దేశమున లేదని వచ్చిన మలమే మరియొక దేశమున ఉన్నదని రావచ్చును! లేదను మాటకు రక్తము బొత్తిగా లేదని యర్థము కాదు. గీతకు దిగువ నున్నదనియే యర్థము.

మిన్నెసోటాలో జరిగిన యొక సంగతి దీనిని చక్కగా చూపును. ఎండిన గ్వాయకపు అట్టపై పరీక్షకు ముందు ఒక చుక్క నీరు వేసిరి. అంతమాత్రముచేత నూరు క్యాన్సరులలో 81కి బదులు 92 పట్టుబడెను. కాని నూటికి 2.4 మందికి బదులు 9.8 మందికి ఉన్నదను జవాబు వచ్చెను. ఒక చుక్క నీటితో మేలును కీడును రెండును పెరిగినవి.

6. తప్పులు ఎక్కడనుండి వచ్చును?

కొన్ని తప్పులు రోగమునుండి వచ్చును. మలము తీసిన దినమున పుండు స్రవింపకపోవచ్చును. బల్లపరుపుగా నుండు కొన్ని బుడిపెలు మిక్కిలి అరుదుగా రక్తమును స్రవించును. కొన్ని తప్పులు ఇతర కారణములనుండి వచ్చును. మూలశంకవలనను రక్తము పడును. స్త్రీలు ముట్టు దినములలో మలమును పంపరాదు. మరికొన్ని మన అజాగ్రత్తనుండి వచ్చును. మరుగుదొడ్డి నీటిలో పడిన మలమును తీయరాదు. సీసాలో నుంచిన దానిని ఇంట నిలువచేయక వెంటనే పంపవలెను.

వేడిమిని గూర్చి ప్రత్యేకముగా చెప్పవలెను. హీమోగ్లోబిను వేడిమిచేత చెడును. ఇటలీలోని ఫ్లోరెన్సు ప్రాంతమున పరిశీలింపగా చలికాలమునకంటె వేసవిలో ఉన్నదను జవాబులు తక్కువగా వచ్చినవి. రోగము వేసవికి తగ్గలేదు. సీసాలోని సాక్ష్యము కరగిపోయినది! మన వేసవి యెండలతో పోల్చినచో ఇటలీ వేసవి యెంత? ఇక్కడ ఇట్టి పరీక్ష చేయించుకొనువారు సీసాను చల్లనిచోట నుంచి, ఆలస్యము లేక ప్రయోగశాలకు చేర్పవలెను.

7. మరల మరల అడుగుట

ఒక్క ప్రశ్నతో బాలుని విద్యను కొలువము. అట్లే ఒక్క సీసాతో ప్రేగును కొలువరాదు. ఒక పరీక్ష నూరు క్యాన్సరులలో 74 పట్టుకొని 26 విడుచుననుకొందము. రెండవ మారు ఆ 26లోను అదే వంతున పట్టుకొన్నచో మిగులునవి 7. మూడవ మారు మిగులునవి 2. ఏటేట పరీక్ష గల గుంపునకు మిన్నెసోటాలో మేలెక్కువ కలుగుటకు కారణము నిదియే. అయితే ఈ లెక్క కాగితముపై నున్నంత చక్కగా శరీరమునందు నడువదు. స్రవింపని బుడిపె మొదటిసారి తప్పించుకొన్నట్లే రెండవసారియు తప్పించుకొనవచ్చును. అందుచేత మిగులునవి 2 కంటె నెక్కువయే యుండునని తలపవలెను.

మరియొక సంగతి. ఉన్నదని వచ్చినప్పుడు కొలనోస్కోపీ చేయించుకొననిచో మలపరీక్ష చేయించుకొనుటయే వ్యర్థము. "మరల మలపరీక్షయే చేయింతును, ఈసారి లేదని వచ్చునేమో" అనుట పాఠము చదువక మరల మరల పరీక్షకు కూర్చుండుట వంటిది. రక్తము ఆగియాగి కారునని ముందే చెప్పితిమి. రెండవ కాగితము మొదటి కాగితమును కొట్టివేయజాలదు.

8. మన దేశపు మాట

భారతదేశమున ఈ వ్యాధి పాశ్చాత్య దేశములలో నున్నంత అధికముగా లేదు. మన ప్రభుత్వపు క్యాన్సరు పరీక్షల పథకము నోరు, రొమ్ము, గర్భాశయ ముఖము వీనికి సంబంధించినది. పెద్దప్రేగునకు ఇంటింట సీసాలు పంపు ఏర్పాటు లేదు. దీనికి లెక్కలో నొక కారణము కలదు. పదివేల మందిలో 65 మందికి బదులు 10 మందికే వ్యాధి యున్నదనుకొందము. ఫిట్ పరీక్ష వారిలో సుమారు 7 గురిని పట్టును. తక్కినవారిలో నూటికి 5 చొప్పున సుమారు 500 మందిని అనవసరముగా భయపెట్టును. అప్పుడు ఉన్నదని వచ్చిన డెబ్బదిమందికి పైగా ఒక్కరికి మాత్రమే క్యాన్సరు. పరీక్ష మారలేదు. చుట్టునున్న జనము మారిరి. అంతమాత్రముచేత దాని మాటకు విలువ మారినది. ఇదిగాక, చిన్నప్రేగున చేరు కొంకిపురుగు రక్తమును పీల్చి కార్చుటచేత, అది యెక్కువగా నున్నచోట గ్వాయక పరీక్ష మనలను మోసపుచ్చవచ్చును.

కాబట్టి మన ఊళ్లలో ముఖ్యమైనది సీసాకంటె ముందు కన్ను. మలములో రక్తము, కొన్ని వారములు విడువక మారిన విరేచనపు అలవాటు, కారణము లేని చిక్కుట, రక్తము తగ్గి పాలిపోవుట, వీనిలో దేనినైనను కనుగొన్నవారు వైద్యుని యొద్దకు పోవలెను. తల్లిదండ్రులకుగాని తోబుట్టువులకుగాని ఈ వ్యాధి వచ్చినవారు ఏ లక్షణమును లేకున్నను ముందుగానే వైద్యుని అడుగవలెను. విద్యార్థులారా, మీ యింట తాతగారుగాని అమ్మమ్మగారుగాని చెప్పుటకు సంకోచించినచో, మీరే తల్లిదండ్రుల చెవిని వేయుడు. మా సహోపాధ్యాయుని అక్కగారిని కాపాడినది వారి కోడలు అడిగిన ఒక్క ప్రశ్నయే గదా!

9. ఉత్తరమునకు జవాబు

ఈ లెక్కలన్నియు ముగిసిన మీదట మా సహోపాధ్యాయులు తమ అక్కగారికి జవాబు వ్రాసిరి. వారి సెలవుపై దాని సారమును ఇక్కడ చేర్చుచున్నాము.

"అక్కా, పరీక్ష అబద్ధమాడలేదు. ఆనాడు సీసాలో పడిన రవంత మలములో గీతను దాటిన రక్తము లేదని మాత్రమే అది చెప్పినది. పుండు ఆనాడు స్రవింపలేదో, స్రవించినను గీతకు దిగువ నుండెనో, సీసా పంపిన తరువాతనే ముదిరెనో, ఇప్పుడు ఎవరును చెప్పలేరు. నీవు తెలివిమాలినదానవు కావు. ఆ కాగితము చెప్పని మాటను దానిచేత మనము చెప్పించుకొంటిమి. అది ఒక దినమును గూర్చి మాటలాడగా, మనము రెండేండ్లకు అభయమని వింటిమి. కంటికి రక్తము కనబడిననాడు ఆ కాగితపు మాట చెల్లిపోయినది. ఇకమీదట దేహము చెప్పు మాటను ముందు వినుము. మన చెల్లెలికిని నాకును ఇది ఇంటి వ్యాధి యైనందున మేము సీసాకొరకు కనిపెట్టుకొనక వైద్యుని అడిగి కొలనోస్కోపీ చేయించుకొనుటకు నిశ్చయించుకొన్నాము."

వారు చెప్పినట్లే చేసిరి. సెలవులలో వారిద్దరును కొలనోస్కోపీ చేయించుకొనగా, చెల్లెలుగారికి ఏమియు లేకుండెను. మా సహోపాధ్యాయునికి ఒక చిన్న పాలిపు కనబడగా దానిని అప్పుడే తీసివేసిరి. ఇప్పుడు వారు యథాప్రకారము తొమ్మిదవ తరగతికి లెక్కలు చెప్పుచున్నారు.